కొత్త చక్రాలు వేశాక స్టీరింగ్ ఎందుకు వణికింది: శ్రీకాకుళంలో తమ్ముడి పికప్‌తో మూడు రోజులు

నమస్తే అండీ. అద్దంలోంచి కనిపిస్తున్నది డల్లాస్ ఫ్రీవే కాదు, మా ఊరి హైవే. శ్రీకాకుళం దాటి ఎచ్చెర్ల వైపు వెళ్తున్నాం. నడుపుతున్నది మా తమ్ముడు. ముందు ఈ నీళ్ల బాటిల్ చూడండి. స్పీడు 60లో ఉంది, నీళ్లు నిలకడగా ఉన్నాయి. 70... ఇంకా ఏమీ లేదు. ఇప్పుడు 75. చూశారా, నీళ్ల మీద సన్నగా ముడతలు మొదలయ్యాయి.

"ఇప్పుడు సూడప్పా," అంటున్నాడు వాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. 85 దాటింది. వాడి బొటనవేళ్లు చూడండి, గోళ్లతో సహా అదురుతున్నాయి. 100కి వెళ్తే మళ్లీ కొంచెం తగ్గుతుంది. "అలాగని నిండు లోడుతో వందలో తోలగలనేటి?" అంటాడు. నిజమే కదా.

మూడు నెలలుగా వీడియో కాల్ చేసినప్పుడల్లా ఇదే మాట. పండక్కి ముందు ముచ్చటపడి పికప్‌కి కొత్త అల్లాయ్ వీల్స్, కొంచెం వెడల్పు టైర్లు వేయించుకున్నాడు. అమ్మమ్మ వాళ్ల కవిటి తోట నుంచి విజయనగరానికి వారానికి రెండుసార్లు కొబ్బరికాయలు తోలుతుంటాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఆ తోటలో చెట్లు చాలా పడిపోయాయి. తర్వాత నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఆ కాయల మీద వచ్చిన మొదటి డబ్బుతో వేయించుకున్న చక్రాలివి. అందుకే "తీసి పడెయ్యరా, పాతవి వేసుకో" అని నాకు నోరు రాలేదు.

అప్పటికే టైర్ల షాపులో రెండుసార్లు బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా చూడటం), రెండుసార్లు అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా నిలిచేలా సర్దడం) చేయించాడు. బ్యాలెన్సింగ్ మెషీన్ మీద ప్రతిసారీ తేడా సున్నా చూపిస్తుంది, రోడ్డెక్కితే అదే వణుకు. ఒకరు షాక్ అబ్జార్బర్లు మార్చమన్నారు, ఇంకొకరు స్టీరింగ్ బాక్సే పోయిందన్నారు. ఇంకో నెల ఆగితే వాడు ఆ డబ్బు కూడా పెట్టేసేవాడు. నాకు అసలు టెన్షన్ అదే. వణుకు ఎక్కడ పుడుతోందో తెలియకుండా ఒక్క సామాను కూడా కొనొద్దని చెప్పాను.

అమెరికాలో మా ఇంట్లో ఉన్నది షెవర్లే సిల్వరాడో 1500. దానికీ బయట కొన్న చక్రాలు వేయించినప్పుడు 65 మైళ్ల దగ్గర ఇలాగే వణికింది. చక్రం మధ్య రంధ్రంలో దూరే బండి వైపు గుండ్రటి దిమ్మని హబ్ అంటారు. ఆ బండి హబ్ అడ్డుకొలత 78.1 మిల్లీమీటర్లు. మేము కొన్న చక్రం మధ్య రంధ్రం 106.1. బయట అమ్మే చక్రాలను నాలుగైదు రకాల బళ్లకు పట్టేలా రంధ్రం పెద్దగా పెట్టి చేస్తారు. మధ్యలో ఆ ఖాళీని నింపే రింగులు వేసుకున్నాక వణుకు పోయింది. తమ్ముడి బండిదీ అదేనేమో అని నా మనసులో ఉంది. కానీ నా బండికి వచ్చిన జబ్బే వాడి బండికీ వచ్చి తీరాలని లేదు కదా. అందుకే మొదటి నుంచి వరసగా చూద్దామనుకున్నాం.

మొదటి రోజంతా రోడ్డు మీదే. రణస్థలం దాకా వెళ్లి వచ్చాం. వణుకు స్టీరింగ్‌లో ఉంది, సీటులో లేదు. సీటు, ఫ్లోరు అదిరితే మామూలుగా వెనక చక్రాల మీద అనుమానం, చేతుల్లో అదిరితే ముందు చక్రాల మీద. 85లో ఉండగా మెల్లగా బ్రేక్ నొక్కమన్నాను. వణుకు పెరగలేదు. బ్రేక్ తొక్కినప్పుడే స్టీరింగ్ కొట్టుకుంటే బ్రేక్ డిస్కులు చూడాలి, ఇది అది కాదు. తర్వాత ఖాళీ రోడ్డు చూసి అదే స్పీడులో క్షణం న్యూట్రల్ చేశాడు. ఏమీ మారలేదు, అంటే ఇంజిన్ జోలికి పోనక్కర్లేదు. స్టీరింగ్ ఓ పక్కకి లాగడం కూడా లేదు. అలైన్‌మెంట్ తేడాగా ఉంటే బండి పక్కకి లాగుతుంది, టైరు ఓ అంచున అరిగిపోతుంది. ఇలాంటి వణుకు దానివల్ల రావడం అరుదు. రెండుసార్లు ఆ డబ్బు ఎందుకు పెట్టించారో నాకు అర్థం కాలేదు.

75 నుంచి 95 మధ్యలోనే ఎందుకు ఎక్కువ అని తమ్ముడు అడిగాడు. ఉయ్యాలే గుర్తొచ్చింది నాకు. ఉయ్యాల ఊపు ఎటు ఉందో అటు, ఆ సమయానికే తోస్తే చిన్న తోపుకే ఎంత ఎత్తుకి పోతుంది! బండి ముందు భాగానికీ అలాంటి సొంత ఊపు ఒకటుంటుంది. చక్రం తిరిగే వేగం ఆ ఊపుతో కలిసిన చోట వణుకు పెద్దదవుతుంది, దాటిపోతే తగ్గుతుంది.

రెండో రోజు పొద్దున్నే వాకిట్లో మొదలుపెట్టాం. చోడి అంబలి తాగేసి నాన్న కూడా వచ్చి కూర్చున్నారు. వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, ముందు పక్క జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టాం. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి మాత్రం ఎవరూ దూరకండి, దయచేసి.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగులు, చక్రాన్ని బండికి కలిపే బాల్ జాయింట్ల సంగతి తెలుస్తుంది. పక్కల పట్టుకుని ఊపితే స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే టై రాడ్ల సంగతి. లొడలొడ ఏమీ లేదు. టైరు గోడ మీద నాలుగంకెల తేదీ చూశాం. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పాత సరుకు కాదు. రిమ్ అంచు పక్కన టైరు మీద చుట్టూ సన్నటి గీత ఒకటి ఉంటుంది, టైరు రిమ్‌లో సరిగ్గా కూర్చుంటే ఆ గీతకీ రిమ్‌కీ మధ్య దూరం అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. ఒకేలా ఉంది.

ఆ తర్వాత ఇటుకల మీద స్క్రూడ్రైవర్ పెట్టి, దాని మొన టైరుకి తగిలీ తగలనట్టు ఉంచి చక్రం తిప్పాం. ఇక్కడ కెమెరా దగ్గరగా పెట్టాను, చూడండి. మొనకీ రబ్బరుకీ మధ్య వెలుతురు గీత ఉంది కదా, సగం చుట్టు తిరిగేసరికి మూసుకుపోయింది, మిగతా సగంలో మళ్లీ తెరుచుకుంది. అంటే చక్రం పైకీ కిందకీ ఎగురుతోంది. నాన్న కళ్లజోడు సర్దుకుని, "గుండ్రంగానే ఉందమ్మా, కానీ నడిమికి లేదు," అన్నారు. ఇంతకన్నా సూటిగా ఎవరు చెప్పగలరు!

కానీ ఎగురుతోంది టైరు వంకర వల్లా, లేక చక్రం హబ్ మీద పక్కకి కూర్చోవడం వల్లా? దీనికి ఖర్చు లేని పరీక్ష ఉంది. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి వేశాం. వణుకు సీటులోకి మారితే తప్పు ఆ చక్రానిది, టైరుది. మారలేదు, స్టీరింగ్‌లోనే ఉంది. అప్పుడు మూల పడేసిన పాత ఇనప చక్రాలు తెచ్చి ముందు పక్క వేశాం. మళ్లీ ఎచ్చెర్ల దాకా వెళ్లాం. 90లో బాటిల్‌లో నీళ్లు కదల్లేదు. తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. షాకులు బాగున్నాయి, స్టీరింగ్ బాక్స్ బాగుంది. ఇక మిగిలింది ఒక్కటే, కొత్త చక్రం హబ్ మీద కూర్చునే చోటు.

ఇంటికొచ్చి అల్లాయ్‌ని హబ్ మీద వట్టిగా తగిలించి చూశాం. మధ్య రంధ్రానికీ హబ్‌కీ మధ్య నా చూపుడువేలి గోరు దూరింది. చక్రం బరువు బోల్టుల మీదే వేలాడుతోంది. ఇంకోటి, నన్ను బాగా భయపెట్టింది ఇదే. చక్రానికి నట్టు కూర్చునే గుంట చూడండి. నట్టు చుట్టూ ఆనితే ఉంగరంలా పూర్తి మెరుపు గీత పడాలి. ఇక్కడ నెలవంకలా ఓ పక్కనే పడింది. షాపువాళ్లు పాత ఇనప చక్రాల నట్లే దీనికీ వాడేశారు. ఆ నట్ల అడుగు గుండ్రం, అల్లాయ్ గుంట వాలుగా గరాటులా ఉంది. ఒకదానికొకటి పొంతన లేదు. నట్టు అంచు మాత్రమే ఆనితే బిగువు నిలవదు, దారిలో వదులైపోవచ్చు. మూడు నెలల పాటు మా తమ్ముడు రాత్రిళ్లు మడపాం వంతెన మీదుగా లోడుతో తిరిగింది ఈ నట్ల మీదే.

మరి మెషీన్ మీద సున్నా ఎందుకు వచ్చింది? వీడియోలో ఇది ఒక్కటి గుర్తున్నా చాలు. బ్యాలెన్సింగ్ మెషీన్ చక్రాన్ని మధ్య రంధ్రంలో శంకువు పెట్టి పట్టుకుంటుంది. అక్కడ చక్రం సరిగ్గా నడిమికి ఉంటుంది కాబట్టి లెక్క సరిగ్గానే వస్తుంది. బండి మీదకొచ్చాక ఆ రంధ్రానికి హబ్ తగలనే తగలదు. షాపులో గాలి గన్‌తో ఒక నట్టు ముందే పూర్తిగా బిగించేస్తే చక్రం అటు జరిగి అక్కడే ఉండిపోతుంది. చక్రం, టైరు కలిపి 25 కిలోలు అనుకోండి. అర మిల్లీమీటరు పక్కకి జరిగితే చాలు, రిమ్ అంచున సుమారు 60 గ్రాముల బరువు అంటించినంత తేడా. 90 స్పీడులో చక్రం సెకనుకి దాదాపు 11 సార్లు తిరుగుతుంది. అన్నిసార్లూ ఆ దెబ్బ స్టీరింగ్‌కి చేరుతుంది.

అమెరికాలో అయితే రింగులు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకునేదాన్ని. ఇక్కడ తమ్ముడు నన్ను ఊళ్లోనే ఓ లేత్ షాపుకి తీసుకెళ్లాడు. ఆ బాబాయ్ మా మాట పూర్తిగా వినకముందే వెర్నియర్ తీశారు. హబ్‌ని నాలుగు చోట్ల కొలిచారు, చక్రం రంధ్రాన్ని నాలుగు చోట్ల కొలిచారు, అంకెలు సుద్దముక్కతో లేత్ మీదే రాసుకున్నారు. "నైలాన్‌తో అయితే ఇప్పుడే అయిపోద్ది గానీ, పక్కనే బ్రేకు వేడి. అల్యూమినియం సేస్తాను," అన్నారు. కడ్డీ లేత్‌లో తిరుగుతుంటే సన్నటి వెండి పొట్టు చుట్టలు చుట్టలుగా ఆయన చెప్పుల మీద పడింది. చివర్లో ఒక్కో గీటు తీసి, ఆపి, చక్రంలో పెట్టి చూసి, మళ్లీ తీశారు. నాలుగో రింగు పెట్టినప్పుడు బొటనవేలితో నొక్కితే 'టక్' మని కూర్చుంది. ఆ శబ్దం మీకు వినిపించాలని మైకు దగ్గర పెట్టాను. అంత పని చేసి అడిగిన డబ్బు చాలా తక్కువ. మేమే ఇంకొంచెం కలిపి ఇచ్చాం.

వాలు నట్లు, అదే మరతో, విశాఖపట్నం నుంచి బస్సులో తెప్పించుకున్నాం. నట్లు మార్చుకునేవాళ్లు మర కొలత, వాలు రెండూ చూసుకోండి. మర సరిపోయిందని వాలు వదిలేయొద్దు. లోడు బండి అయితే చక్రం వెనక పక్క రాసి ఉండే బరువు, టైరు మీది లోడు అంకె కూడా చూడాలి. 104 అంటే ఒక్కో టైరుకి 900 కిలోలు, 112 అంటే 1,120 కిలోలు. వీడి టైర్లు సరిపోయాయి, నాకు ఊపిరి వచ్చింది.

మూడో రోజు బిగింపు. సముద్రపు గాలికి హబ్ ముఖం మీద తుప్పు పొరలు కట్టింది. తీగ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాం. ఆ పొర ఒక్క పక్కన మిగిలిపోయినా చక్రం వంకరగానే కూర్చుంటుంది. రింగు లోపల పల్చగా గ్రీజు రాశాం, అల్యూమినియం హబ్‌కి పట్టేయకుండా. బోల్టుల మీద మాత్రం గ్రీజు వద్దు, బిగువు లెక్క తప్పుతుంది. చక్రం గాల్లో ఉండగా నట్లన్నీ చేత్తోనే తిప్పి, చక్రాన్ని కొంచెం కదుపుతూ ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు పానాతో మెల్లగా బిగించాం. టైరు నేలకి ఆనాక టార్క్ రెంచ్‌తో చివరి బిగువు. మనం పెట్టిన బిగువు రాగానే 'క్లిక్' మనే పానా అది. ఆ రెంచ్ నేనే సూట్‌కేసులో తెచ్చాను, వాడికే వదిలేసి వెళ్తాను. మా సిల్వరాడోకి అది 140 ఫుట్-పౌండ్లు, అంటే సుమారు 190 న్యూటన్ మీటర్లు. ఆ అంకె మీ బండికి వాడకండి, మీ బండి పుస్తకంలో ఉన్నదే పెట్టుకోండి.

స్క్రూడ్రైవర్ మళ్లీ ఇటుకల మీద పెట్టాం. నాన్నే చక్రం తిప్పారు. వెలుతురు గీత మొత్తం చుట్టులో ఒకేలా ఉంది.

సాయంత్రం పలాస బయల్దేరాం. ఇదే వణుకుకి మెడ నొప్పి వస్తోందని మూడు నెలలుగా ఈ బండి ఎక్కని అమ్మ కూడా వచ్చింది. నరసన్నపేట దాటాక 75, 85, 90. నేను బాటిల్ వైపు చూస్తున్నాను, తమ్ముడు తన చేతుల వైపు. "అప్పా, ఏటీ లేదప్పా!" అన్నాడు. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ కిటికీకి తలానించి నిద్రపోతోంది.

కొత్త చక్రాలు వేశాక 50 నుంచి 100 మైళ్లు, అంటే ఓ 80 నుంచి 160 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ చూసుకోవాలి. పలాస వెళ్లి వచ్చేసరికి అంత దూరం అయింది. ఇంటికొచ్చి బండి చల్లారాక సెల్‌ఫోన్ వెలుతురులో ఇరవై నట్లకీ రెంచ్ పెట్టాం. రెండు నట్లు మాత్రం కొంచెం తిరిగాయి. మిగతా పద్దెనిమిదీ ఉన్న చోటే క్లిక్ అన్నాయి.