అటక మీద చర్చి

శ్రోతలకు నమస్కారం.

మన ఇళ్ళల్లో అటక మీద ఏముంటాయి? సంక్రాంతికి గానీ దించని గుండిగలు, కాలు విరిగిన కుర్చీ, బొమ్మల కొలువు పెట్టె, ఎవరివో తెలియని పాత పుస్తకాలు. డచ్చివాళ్ళ దేశం నెదర్లాండ్స్‌లో, ఆమ్‌స్టర్‌డామ్ ఊళ్ళో ఒక ఇంటి అటక మీద చర్చి ఉంది. దేవుడి గూడో, చిన్న పూజగదో అనుకోకండి. సుమారు 150 మంది కూర్చునే చర్చి. బలిపీఠం ఉంది, ఆర్గన్ వాద్యం ఉంది, చుట్టూ రెండంతస్తుల బాల్కనీలు ఉన్నాయి. అదంతా అటక మీదే.

యూరప్ పాత కట్టడాల గురించి మాట్లాడమన్నారు నన్ను. పది నిమిషాల్లో యూరప్ అంతా తిప్పి చూపించడం నా వల్ల కాదు. ఒక్క ఇంటికి తీసుకెళ్తాను, రండి.

ఆ ఇల్లు ఒక కాలవ గట్టున ఉంది. కాలవ పేరు ఔడెజైట్స్ ఫోర్‌బుర్క్‌వాల్. మళ్ళీ ఒకసారి పలకమని మాత్రం అడక్కండి. ఆ కాలవల వెంట ఇళ్ళన్నీ సన్నగా, పొడుగ్గా, భుజం భుజం ఆనించి నిలబడి ఉంటాయి. కాలవ వైపు జాగా ఖరీదెక్కువ. అందుకని ముందు వెడల్పు తక్కువ, లోపలికి పోయేకొద్దీ పొడవెక్కువ. ఇక మెట్లా? మెట్లు అనడం మర్యాద కోసమే, నిజానికవి నిచ్చెనలు. ఆ మెట్ల మీద బీరువా ఎలా ఎక్కిస్తారు? ఎక్కించరు. ఇంటి నెత్తిన ఒక దూలం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, దాని చివర కొక్కెం. దానికి కప్పీ తగిలించి, మోకు వేసి, సామాను వీధిలోంచి పైకి లాగి కిటికీలోంచి లోపలికి తీసుకుంటారు. లాగేటప్పుడు గోడకి కొట్టుకోకుండా చాలా ఇళ్ళ ముందు గోడను కొంచెం ముందుకి ఒరిగేలా కట్టారు. కొత్తగా చూసినవాళ్ళు ఇల్లు కూలిపోతోందని కంగారు పడతారు. నేనూ పడ్డాను.

ఒక్క మాట మన వైపుది. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివాళ్ళు మచిలీపట్నంలో దిగి వ్యాపారం పెట్టారు. భీమిలిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మన తీరం అద్దకం బట్టలు వాళ్ళ ఓడలెక్కి ఆ దేశం చేరాయి. అందులో కొన్ని మూటలైనా అలాంటి కొక్కేనికి వేలాడి పైకి వెళ్ళే ఉంటాయని నాకొక ఊహ. ఊహే సుమండీ.

ఇంటికి వద్దాం. ఇల్లు యాన్ హార్ట్‌మన్ అనే వ్యాపారిది. 1661లో కాలవ మీద ఒక ఇల్లు, దాని వెనక సందులో మరో రెండు చిన్న ఇళ్ళు కలిపి కొన్నాడు. రెండేళ్ళు పని చేయించాడు. 1663కి చర్చి తయారు. హార్ట్‌మన్ క్యాథలిక్. అసలు సంగతంతా అక్కడే ఉంది.

క్యాథలిక్‌లు, ప్రొటెస్టెంట్లు క్రైస్తవుల్లోనే వేరు వేరు శాఖలవాళ్ళు. 1578లో ఆ ఊరి పాలన ప్రొటెస్టెంట్ల చేతికి వచ్చింది. క్యాథలిక్‌ల చర్చిలు ప్రొటెస్టెంట్ల పరమయ్యాయి. స్పెయిన్ రాజుతో యుద్ధం నడుస్తున్న రోజులవి, స్పెయిన్ క్యాథలిక్ రాజ్యం, కాబట్టి ఊళ్ళో క్యాథలిక్ అంటే అనుమానం. బహిరంగంగా పూజ చేసుకోకూడదన్నారు. అలాగని ఇంటింటికీ వెళ్ళి నీ మతం ఏమిటని అడగలేదు. ఇంట్లో ఏం చేసుకుంటావో నీ ఇష్టం. బయటికి మాత్రం కనపడకూడదు. గంట ఉండకూడదు, గోపురం ఉండకూడదు, వీధిలోంచి చూస్తే చర్చి అని తెలియకూడదు. బయటికి కనపడకూడదు, అంతే.

హార్ట్‌మన్ ఏం చేశాడంటే, ఒకదాని వెనక ఒకటిగా ఉన్న ఆ మూడిళ్ళ పై అంతస్తులనీ కలిపేశాడు. బయటినుంచి చూస్తే మూడిళ్ళు మూడిళ్ళలాగే ఉన్నాయి. లోపల పైన మాత్రం గోడలు పోయి పొడుగాటి హాలు ఒకటి వచ్చింది. ఎత్తు చాలదు కదా, పై అంతస్తుల నేలలు మధ్యలో కోసేశారు. అంచుల వెంట మిగిలిన నేలే బాల్కనీ అయింది. ఆ బాల్కనీలకి కింద స్తంభాలు పెడితే ఉన్న కాస్త చోటూ పోతుంది. అందుకని ఇనప కడ్డీలతో పైకప్పు దూలాలకి వేలాడదీశారు. మన ఇళ్ళల్లో ఉయ్యాలబల్ల గొలుసులకి వేలాడినట్టు, అక్కడ బాల్కనీలు వేలాడుతుంటాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది ప్రసంగ వేదిక. ఫాదర్ నిలబడి మాట్లాడే చెక్క గూడు. దానికి చోటేదీ? బలిపీఠం పక్కనున్న స్తంభం అడుగుభాగంలో దాన్ని మడిచి పెట్టారు. కావలసినప్పుడు తలుపులా తిప్పి బయటికి లాగుతారు, మాట్లాడటం అయిపోయాక మళ్ళీ లోపలికి తోసేస్తారు. చిన్న ఫ్లాట్లలో గోడలోకి మడిచే మంచాలు ఇప్పుడేదో కొత్త సంగతన్నట్టు చెప్తుంటారు. ఇది 18వ శతాబ్దంలోనే ఉంది.

ఫాదర్ పడక కూడా అలాంటిదే. మెట్ల మలుపులో చిన్న గది, అందులో గోడలోకి అమర్చిన పెట్టె లాంటి మంచం. కాళ్ళు చాపుకునే వీల్లేదు. కింద యజమాని కూర్చునే గది చూస్తే మాత్రం ఎక్కడా లోటు లేదు. ఎత్తయిన కప్పు, చెక్కిన స్తంభాలతో పొయ్యి గూడు. పైన దేవుడు, కింద వర్తకుడు, మధ్య మెట్ల మలుపులో కాళ్ళు ముడుచుకుని ఫాదర్.

మరి ఇదంతా ఊరికి తెలియలేదా? 150 మంది ఆదివారం పొద్దున్నే ఒక సందులోకి దూరి గంట తర్వాత బయటికొస్తే పక్కింటివాళ్ళకి తెలియదా? 1794లో అక్కడ ఆర్గన్ కూడా పెట్టారు. ఆర్గన్ మోగితే వినపడదా? వినపడుతుంది. అందరికీ తెలుసు. అధికారులకీ తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆ రోజుల్లో డచ్చి ఊళ్ళల్లో ఇలాంటి చోట్ల అధికారులకి ముట్టచెప్పాల్సింది ముట్టచెప్పడం కూడా మామూలే. దీన్ని గొప్ప పరమత సహనం అని పొగిడేవాళ్ళున్నారు. నాకంత మాట రాదు. రెండు నిమిషాల నడక దూరంలో ఔడె కెర్క్ అనే పాత చర్చి ఉంది. 1306లో ప్రతిష్ఠ జరిగింది. అది ఒకప్పుడు ఈ క్యాథలిక్‌లదే. దాని గంటలు వింటూ వీళ్ళు అటకెక్కేవాళ్ళు. అదే ఊళ్ళో యూదులు 1675లో పెద్ద ప్రార్థనామందిరం బహిరంగంగా కట్టుకున్నారు. వాళ్ళకి కనపడొచ్చు, వీళ్ళకి కనపడకూడదు.

అలా రెండు వందల ఏళ్ళు పైన గడిచాయి. 1887లో రైల్వే స్టేషన్ ఎదురుగా సెయింట్ నికొలాస్ చర్చి పూర్తయింది. పెద్ద గుమ్మటం, రెండు శిఖరాలు, స్టేషన్‌లోంచి బయటికి రాగానే కళ్ళకి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. కనపడాలనే కట్టినట్టుంటుంది. అటక ఖాళీ అయింది. ఇల్లు కూల్చేస్తారేమోనని ఊళ్ళోని కొందరు క్యాథలిక్‌లు కలిసి కొన్నారు, 1888లో మ్యూజియం చేశారు. ఇప్పటికీ అక్కడ అప్పుడప్పుడు ప్రార్థనలు, పెళ్ళిళ్ళు జరుగుతాయి. పెళ్ళికూతురు ఆ మెట్లెలా ఎక్కుతుందో నాకు తెలియదు.

పునాది గురించి చెప్పకపోతే మా ఇంజినీరు బావగారు ఊరుకోరు. ఆ ఊరు బురద నేల మీద ఉంది. చెక్క గుంజలు లోతుగా ఇసుక పొర దాకా దిగ్గొట్టి, వాటి మీద ఇళ్ళు కట్టారు. డామ్ కూడలిలో ఇప్పుడు రాజభవనంగా ఉన్న పాత టౌన్‌హాల్ కింద అలాంటి గుంజలు 13,659 ఉన్నాయి. అక్కడి పిల్లలు ఆ అంకె గుర్తుపెట్టుకోవడానికి, ఏడాదికి 365 రోజులు కదా, దానికి ముందొక 1, వెనకొక 9 అంటారు. నీళ్ళలో మునిగి ఉన్నంతకాలం ఆ చెక్క పుచ్చదు. బావి అడుగున నేరేడు చెక్క వేయించిన మన పెద్దవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. భూమిలో నీటిమట్టం తగ్గి చెక్కకి గాలి తగిలిందా, ఇక పుచ్చడం మొదలు.

టైమైపోయిందని గాజు అద్దం అవతలినుంచి సైగ చేస్తున్నారు. పిల్లలు అటువైపు ఉద్యోగాల్లో ఉండి, వాళ్ళ దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు మన శ్రోతల్లో చాలామందే ఉంటారు. వాళ్ళకి ఒక్క సంగతి. ఆ ఇంటికి వెళ్తే ఎక్కడం పెద్ద కష్టం కాదు, దిగడమే. మోకాళ్ళ నొప్పులుంటే ముందే చెప్పి కింది గదులు చూసి రండి. పైకి వెళ్ళేటట్టయితే చేతిలో సంచి పెట్టుకోకండి, కింద ఇచ్చేయండి. దిగేటప్పుడు ముఖం మెట్ల వైపు తిప్పి, రెండు చేతులా పట్టుకుని, వెనక్కి దిగండి. మన పెరట్లో నిచ్చెన దిగినట్టే. ఎవరైనా చూసి నవ్వుతారేమో అని మొహమాటపడకండి.

సెలవు. నమస్కారం.