విజిల్ ఊదే ముందు, ఊదాక

వేదిక మీదున్న పెద్దలకు, ఈ కబడ్డీ రెఫరీల శిక్షణ శిబిరానికి వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయులకు నమస్కారం.

రెఫరీ అంటే రాయిలా ఉండాలని మనకు మొదటిరోజే చెబుతారు. కోపతాపాలన్నీ మైదానం బయట వదిలేసి రమ్మంటారు. నేను ఈ మాట ఒప్పుకోను. కోర్టులో నిలబడ్డవాడికి గుండె దడదడలాడుతుంది. ఓడిపోతున్న పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంటే జాలేస్తుంది. కోచ్ మీదికొస్తే ఒళ్లు మండుతుంది. ఇవేవీ తనకు లేవనుకునే రెఫరీనే ఇవి ఎక్కువగా పక్కకు లాగుతాయి, ఎందుకంటే అతను వాటి కోసం చూసుకోడు.

ముందు జనం అరుపుల సంగతి. 2002లో ఇంగ్లండ్‌లో నెవిల్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఒక పరీక్ష చేశారు. అర్హత ఉన్న 40 మంది ఫుట్‌బాల్ రెఫరీలకు లివర్‌పూల్, లెస్టర్ జట్ల మ్యాచ్‌లోని 47 ఘటనలు వీడియోలో చూపించారు. కొందరికి స్టేడియం హోరుతో సహా, మిగతావాళ్లకు శబ్దం తీసేసి. హోరు విన్నవాళ్లు సొంతగడ్డ జట్టు మీద ఇచ్చిన ఫౌళ్లు, వినని వాళ్లకంటే సుమారు 15 శాతం తక్కువ. ఆలోచించండి. వాళ్లను ఎవరూ తిట్టలేదు, ఎవరూ రాళ్లు వేయలేదు. టీవీ ముందు కూర్చున్నారంతే. కాబట్టి దీన్ని పిరికితనం అనడానికి లేదు. నా ఉద్దేశంలో జరిగిందేమిటంటే, కన్ను సరిగా తేల్చుకోలేని చోట చెవి వెళ్లి సాక్ష్యం చెప్పింది.

మన కబడ్డీలో ఇలాంటి అనుమానపు చోట్లు ఎన్నో మీకు తెలుసు. రైడర్ బోనస్ గీత అవతల ఒక కాలు మోపినప్పుడు రెండో కాలు గాలిలో ఉందా లేదా? వేలి కొస డిఫెండర్ బనియన్‌కు తగిలిందా లేదా? అది రెప్పపాటు వ్యవహారం. మన కన్ను ఇంకా తేల్చుకోకముందే జనం తీర్పు చెప్పేస్తారు. ఇలాంటప్పుడు నేను పాటించే పద్ధతి ఒకటుంది. చెయ్యెత్తే ముందు, నేను చూసిందేమిటో నాలో నేను ఒక్క ముక్కలో చెప్పుకుంటాను: "కాలు గాలిలో ఉంది." చెప్పుకోలేకపోతే నేను చూడలేదన్నమాటే. అప్పుడు రెండో అంపైర్ దగ్గరికి వెళ్తాను. అక్కడ అడిగే తీరు కూడా ముఖ్యమే. "టచ్ అయింది కదా?" అని అడిగితే ఆయన మొహమాటానికైనా అవునంటాడు. "మీరేం చూశారు?" అని అడగాలి.

2006 జూలై 9న బెర్లిన్‌లో ఫ్రాన్స్, ఇటలీ మధ్య ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్. ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్ తలతో ఇటలీ ఆటగాడు మాటెరాజ్జీ ఛాతీ మీద గుద్దిన క్షణం రెఫరీ ఎలిసోండో చూపు ఇంకోచోట ఉంది. నాలుగో అధికారి చూసి చెప్పాడు. జిదాన్ ఫ్రాన్స్ కెప్టెన్, అతని జీవితంలో అదే ఆఖరి మ్యాచ్. అయినా ఎర్రకార్డు బయటికి వచ్చింది. తాను చూడనిదాన్ని చూసినవాడి నోట విని నిర్ణయం తీసుకోవడం నామోషీ అనుకోని రెఫరీ ఆయన.

ఇప్పుడు చెప్పబోయేది నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టే సంగతి. కోపం మనకు కనిపిస్తుంది, భయం కనిపిస్తుంది. జాలి మాత్రం న్యాయం వేషంలో వస్తుంది. "ఇందాక వాళ్లకు అన్యాయం జరిగినట్టుంది, ఈసారి వీళ్లకిద్దాం." ఈ ఆలోచన రాని రెఫరీ నాకు తారసపడలేదు. జర్మనీ పరిశోధకులు ప్లెస్నర్, బెట్ష్ 2001లో దీన్నే చూపించారు. ఒక జట్టుకు ముందే ఒక పెనాల్టీ ఇచ్చినవాళ్లు అదే జట్టుకు రెండోది ఇవ్వడానికి వెనకాడారు. ఎదుటి జట్టుకు ఇవ్వడానికి మాత్రం సులువుగా సిద్ధమయ్యారు. ఒక తప్పును ఇంకో తప్పుతో సరిచేస్తే మొత్తం రెండు తప్పులవుతాయి. పైగా రెండోది తెలిసి చేసింది.

మరి తప్పు జరిగిపోతే ఆ బాధను ఎక్కడ పెట్టుకోవాలి? 2010 జూన్ 2న అమెరికాలో డెట్రాయిట్‌లో జరిగిన బేస్‌బాల్ మ్యాచ్ చూడండి. గలరాగా అనే బౌలర్ వరసగా 26 మందిని ఔట్ చేశాడు. (వాళ్లు పిచ్చర్ అంటారు, మనకు అర్థం కావడానికి బౌలర్ అంటున్నాను.) ఇంకొక్కడు ఔటైతే 'పర్ఫెక్ట్ గేమ్', అంటే ఎదుటివాళ్లలో ఒక్కరినీ బేస్ చేరనివ్వకుండా మొత్తం 27 మందినీ ఔట్ చేయడం. నూటముప్పై ఏళ్ల చరిత్రలో అప్పటికి ఇరవైసార్లే జరిగిన ఘనత అది. ఇరవై ఏడోవాడు స్పష్టంగా ఔట్. అంపైర్ జిమ్ జాయిస్ మాత్రం సేఫ్, అంటే నాటౌట్, అన్నాడు. అప్పట్లో అలాంటి నిర్ణయానికి వీడియో సమీక్ష లేదు. మ్యాచ్ అయ్యాక గదిలో వీడియో చూసుకుని జాయిస్ నేరుగా గలరాగాను కలిసి, కన్నీళ్లతో క్షమాపణ అడిగాడు. విలేకరుల ముందు తప్పు తనదేనన్నాడు. మర్నాడు సెలవు తీసుకోమన్నా తీసుకోలేదు. ఆరోజు జట్టు జాబితా కాగితం తెచ్చి అతని చేతికిచ్చింది ఆ గలరాగాయే. జాయిస్ కళ్లు తుడుచుకుని, మ్యాచ్ నడిపించాడు.

జాయిస్ తన బాధను దాచలేదు. దాన్ని మ్యాచ్ అయ్యాక, ఎవరికి నష్టం జరిగిందో ఆ మనిషి ముందు పెట్టాడు. మర్నాటి మ్యాచ్‌లోకి తీసుకుపోలేదు. నేను ఇంతసేపూ చెబుతున్నది ఇదే.

ఇలా అంటున్నానని రూల్ పుస్తకం పట్టుకుంటే చాలనుకోకండి. 2006 ఆగస్టు 20న ఓవల్ టెస్టులో అంపైర్లు హెయిర్, డాక్ట్రోవ్ పాకిస్తాన్ జట్టు బంతి ఆకారం మార్చిందని తేల్చి, ఇంగ్లండ్‌కు ఐదు పరుగులిచ్చారు. టీ విరామం తర్వాత పాకిస్తాన్ నిరసనగా సమయానికి మైదానంలోకి రాలేదు. అంపైర్లు బెయిల్స్ తీసేశారు. టెస్టు చరిత్రలో ఒక జట్టు ఆటకు రాక మ్యాచ్ వదులుకున్నట్టు ప్రకటించడం అదొక్కసారే. నియమం ప్రకారం అంపైర్లు మ్యాచ్ ముగించడం సరైనదే. కానీ తర్వాత జరిగిన విచారణలో కెప్టెన్ ఇంజమామ్ మీద బంతి పాడుచేశారన్న ఆరోపణ నిలబడలేదు. ఒక దేశపు జట్టును మోసగాళ్లన్నప్పుడు వాళ్ల మనసు ఎంత గాయపడుతుందో ముందే ఊహించి, కెప్టెన్‌ను పక్కకు పిలిచి నిదానంగా మాట్లాడి ఉంటే ఆ సాయంత్రం మరోలా ఉండేదని నా నమ్మకం. ఎదుటివాడి మనసు అంచనా వేయడం కూడా తెలివే. నిర్ణయం మారక్కర్లేదు, దాన్ని చెప్పే తీరు మారాలి.

సొంత బడి పిల్లలు ఆడుతున్న మ్యాచ్‌కు అంపైర్‌గా నిలబడాల్సి వస్తే ఏం చేయాలని ఉదయం ఒక అమ్మాయి అడిగింది. నిలబడకమ్మా. 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకు రెండు జట్లతోనూ సంబంధం లేని ఇద్దరు భారతీయులను అంపైర్లుగా పిలిచారు. ఒకరు పీలూ రిపోర్టర్, ఇంకొకరు మన హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి. అప్పటివరకు నిలబడ్డ స్థానిక అంపైర్లందరూ పక్షపాతులని కాదు. మంచి మనిషికైనా సొంతవాళ్ల మీద మమకారం ఉంటుంది, ఆ అనుమానపు క్షణంలో అది బరువు చూపిస్తుంది. ఆ తర్వాత ప్రపంచ క్రికెట్ అంతా ఆ దారే పట్టింది. మండల స్థాయి పోటీల్లో మనకు అంత సిబ్బంది ఉండరు, నిజమే. పక్క కోర్టులో ఉన్న మాస్టారితో మ్యాచ్ మార్చుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

భోజనాలయ్యాక ఈ గదిలోనే పాత కబడ్డీ మ్యాచ్‌ల వీడియోలు వేస్తాం. సగంమంది శబ్దం లేకుండా చూస్తారు, సగంమంది అరుపులతో. ఒకరి కాగితం ఒకరు చూడకుండా, ప్రతి రైడ్‌కూ మీ నిర్ణయం రాయండి. సాయంత్రం రెండు కట్టలూ పక్కపక్కన పెట్టి లెక్కేద్దాం.