ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదా? షోరూములో ఎస్టిమేట్ మీద సంతకం పెట్టకముందే ఈ స్కానర్ల సంగతి చూడండి

నమస్తే అండీ. కీ ఆన్ చేస్తే మీటర్లో లైట్లన్నీ ఒక్కసారి వెలుగుతాయి. వాటిలో సీట్లో కూర్చున్న మనిషి, ఎదురుగా గుండ్రంగా ఓ బంతి ఉన్న ఎర్ర బొమ్మ ఒకటుంటుంది. అది ఆరేడు సెకన్లలో ఆరిపోవాలి. ఆరకుండా అట్టాగే ఉంటే, లేదా నెల్లూరులో ఆరి కావలి దాటాక మళ్ళీ వెలిగితే, ఈ వీడియో మీకోసమే. బండి ఎప్పటి మాదిరే పోతుంది, పికప్ తగ్గదు, సౌండు రాదు. అందుకే చాలామంది నెలల తరబడి పట్టించుకోరు.

ఆ లైటు వెలిగే ఉందంటే, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌కి ఏదో ఒక లైన్లో తేడా కనిపించిందని అర్థం. చాలా కార్లలో అప్పుడు ఆ ఒక్క బ్యాగే కాదు, మొత్తం ఎయిర్‌బ్యాగ్ సిస్టమే పనిచేయడం మానేస్తుంది. హైవే మీద వంద స్పీడులో ముందున్న లారీ సడన్‌గా బ్రేకేస్తే, బ్యాగ్ తెరుచుకుంటుందని నమ్మడానికి లేదు. సీటు బెల్టు మాత్రం మామూలుగానే పట్టుకుంటుంది కాబట్టి పని పూర్తయ్యేదాకా దాన్ని ఒక్క నిమిషం కూడా వదలబాకండి. సమస్య ఏంటంటే, ఈ లైటుతో షోరూముకు పోతే వచ్చే ఎస్టిమేట్ ఒక్కోసారి గుండె ఆగేలా ఉంటుంది. అందులో నిజంగా కావాల్సిందేదో, అక్కర్లేనిదేదో తేల్చుకోవాలంటే ముందు మీ చేతిలో కోడ్, అంటే ఆ కంప్యూటర్ రాసిపెట్టుకున్న తేడా నంబరు, ఉండాలి. దాన్ని చదివేదే స్కానర్.

స్టీరింగ్ కింద, మోకాళ్ళ దగ్గర 16 పిన్నుల సాకెట్ ఒకటుంటుంది. స్కానర్ పెట్టేది దానికే. ఇక్కడ టేబుల్ మీద మూడు రకాలు పెట్టాం.

మొదటిది ఈఎల్ఎమ్327. అగ్గిపెట్టెంత నీలం రంగు బ్లూటూత్ ముక్క. వందల్లోనే వస్తుంది కాబట్టి ఆన్‌లైన్లో అందరూ కొనేది ఇదే. ఇంజన్ లైటుకు బాగానే పనికొస్తుంది. ఎయిర్‌బ్యాగ్ లైటుకు మాత్రం మామూలు యాప్‌తో దీన్ని నమ్ముకోబాకండి. ఒకసారి ఫోన్ స్క్రీన్ చూడండి: "ఏ ఫాల్టూ లేదు" అని పచ్చగా చూపిస్తోంది. పైన మీటర్లో ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఇది అబద్ధం చెప్పడం లేదు. ఇంజన్ కంప్యూటర్‌ని అడిగింది, అక్కడ ఏమీ లేదంది. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్‌ని అసలు అడగనే లేదు. కొన్ని బ్రాండ్లకు వేరే యాప్‌లతో ఇదే ముక్క లోపలికి పోగలదు గానీ, మీ మోడల్‌కు పోతుందో లేదో చూసుకోకుండా డబ్బులు పెట్టబాకండి.

రెండోది చేతిలో పట్టుకునే స్కానర్. లాంచ్ సీఆర్‌పీ123, ఆటెల్ ఏఎల్619 ఈ రకం. వీటి మెనూలో ఎస్‌ఆర్‌ఎస్ అని విడిగా కనిపిస్తుంది. ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థకు అదే పేరు. బ్రేకేసినప్పుడు చక్రాలు జామ్ కాకుండా చూసే ఏబీఎస్ కూడా చదువుతాయి. కొనేముందు ఒక్క పని చేయండి: కంపెనీ వెబ్‌సైట్‌లో మీ కారు మోడలు, సంవత్సరం కొట్టి, ఎస్‌ఆర్‌ఎస్ ఉందో లేదో చూడండి. మన దేశంలో మాత్రమే అమ్మే కొన్ని మోడళ్ళు వీటి జాబితాలో ఉండవు. అమ్మేవాళ్ళు "అన్ని కార్లకూ వస్తుంది" అనే మాటకు అర్థం ఇంజన్ వరకే.

మూడోది బ్రాండుకు తగ్గవి. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ ఉన్నవాళ్ళు ఓబీడీఎలెవన్ గానీ వీసీడీఎస్ గానీ తీసుకుంటే ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ లోపలి వివరాలు చక్కగా కనిపిస్తాయి.

మా తీర్పు: ఇంట్లో ఒక్క కారే ఉంటే ఏదీ కొనక్కర్లేదు. నెల్లూరులో, ఒంగోలులో మల్టీబ్రాండ్ షెడ్లు, కార్ ఎలక్ట్రీషియన్లు చాలామంది దగ్గర స్కానర్ ఉంది. వెళ్ళగానే "ఎస్‌ఆర్‌ఎస్ చదువుతుందా అన్నా?" అని అడగండి. స్కాన్ చార్జీ మాత్రమే ఇచ్చి కోడ్ ఫోటో తీసుకోండి. రెండు మూడు బండ్లు ఉన్నవాళ్ళు, ట్రావెల్స్ నడిపేవాళ్ళు మాత్రం రెండో రకం కొనుక్కుంటే నష్టపోరు.

ఫోటో తీసుకున్నాకే కోడ్ చెరపండి, ముందు కాదు. కోడ్ పక్కన కరెంట్ అనో, హిస్టరీ అనో ఉంటుంది. హిస్టరీ అంటే ఒకప్పుడు వచ్చి పోయిన తేడా. కరెంట్ అంటే ఇప్పుడు కూడా ఉన్నది. దాన్ని ఎన్నిసార్లు చెరిపినా కీ వేయగానే మళ్ళీ వస్తుంది.

హ్యుందాయ్, కియా కార్ల కోడ్లు తీసుకుని చెప్తాను, తక్కిన కంపెనీల్లో నంబర్లు మారతాయి గానీ లెక్క అదే. బి1102 వస్తే బ్యాటరీ వోల్టేజ్ తక్కువ. బ్యాటరీ డౌన్ అయ్యి జంప్ స్టార్ట్ చేసిన బండ్లలో ఇది మామూలే. ఇంజన్ ఆపి కాసేపయ్యాక బ్యాటరీకి మల్టీమీటరు పెడితే 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. అంతకంటే తగ్గితే ముందు బ్యాటరీ, దాన్ని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ చూడండి, ఎయిర్‌బ్యాగ్ జోలికే పోబాకండి.

బి1346 అంటే డ్రైవర్ బ్యాగ్ లైన్లో రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అడ్డు, ఎక్కువ. బి1347 అంటే తక్కువ. ఈ రెండింటి తేడా మీద ఎంతో డబ్బు ఆధారపడి ఉంటుంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. బ్యాగ్‌ను పేల్చే చిన్న ముక్క రెసిస్టెన్స్ రెండు ఓములకు అటూ ఇటూగా ఉంటుంది. కంప్యూటర్ ఆ లైన్లోకి అతి కొద్ది కరెంటు పంపి కొలుస్తూనే ఉంటుంది. పిన్ను మీద కాస్త తుప్పు పట్టినా, వైరు తెగినా లెక్క పెరుగుతుంది. అదే వైర్లను కలిపే కప్లర్ పూర్తిగా కూర్చోకపోతే, లోపలున్న చిన్న రేకు రెండు పిన్నుల్నీ కలిపేస్తుంది. పొరపాటున కరెంటు పోయి బ్యాగ్ పేలకుండా కంపెనీవాళ్ళు పెట్టిన రేకు అది. అప్పుడు లెక్క తగ్గుతుంది. చూశారా, రెండు కోడ్లలోనూ బ్యాగ్ చెడిపోయిందని ఎక్కడా లేదు. బ్యాగ్ మార్చాలని ఎవరన్నా మొదటి మాటగా చెప్తే ఒక్క నిమిషం ఆగండి.

డ్రైవర్ బ్యాగ్ కోడ్ వస్తే మొదట అనుమానించాల్సింది క్లాక్ స్ప్రింగ్‌ని. స్పైరల్ కేబుల్ అని కూడా అంటారు. స్టీరింగ్ వెనకాల ప్లాస్టిక్ డబ్బాలో పలచటి రిబ్బన్ మాదిరి కేబుల్ చుట్టి ఉంటుంది. స్టీరింగ్ తిప్పినప్పుడు అది విప్పుకుంటూ, చుట్టుకుంటూ ఉంటుంది. హారన్ కూడా పలకడం లేదా? స్టీరింగ్ మీద వాల్యూమ్ బటన్లు పనిచేయడం లేదా? అయితే దాదాపుగా ఇదే. ఎందుకంటే ఆ వైర్లన్నీ ఇదే రిబ్బన్‌లో పోతాయి. స్టీరింగ్ ఒక వైపు తిప్పినప్పుడే లైటు వచ్చినా దీని మీదే అనుమానం.

మీ బండికి ఈమధ్య స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ తిప్పితే చక్రాలను తిప్పే భాగం) పని చేయించారా? ర్యాక్ విప్పినప్పుడు స్టీరింగ్‌ను కట్టేయకుండా వదిలేస్తే అది ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, లోపల రిబ్బన్ చివరికంటా పోయి తెగిపోతుంది. ర్యాక్ పని అయ్యాక వారంలోపే లైటు వచ్చిందంటే ఆ షెడ్డుకే తిరిగి పొండి, జాబ్ కార్డు చూపించి అడగండి. కొత్తది బిగించేటప్పుడు చక్రాలు తిన్నగా ఉండాలి, స్ప్రింగ్ మీద ఉన్న గుర్తుతో మధ్యకు తెచ్చి పెట్టాలి. మధ్యకు రాకుండా బిగిస్తే మొదటి యూటర్న్‌లోనే కొత్తది కూడా తెగుతుంది. ఈ పని ఇంట్లో చేయబాకండి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు గంటలోపు పని.

ఇప్పుడు సీటు కిందికి రండి. కెమెరా దగ్గరగా పెట్టాం, చూడండి. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వే. సైడ్ ఎయిర్‌బ్యాగ్, బెల్టును లాగిపట్టే ప్రీటెన్షనర్, బెల్టు బకిల్ స్విచ్ వైర్లు ఇక్కడే పోతాయి. సీటు వెనక్కి జరిపినప్పుడు వాటర్ బాటిల్ అడ్డం పడి కప్లర్‌ను లాగేస్తుంది. సీటు కవర్లు కొత్తగా వేయించిన రోజే లైటు వచ్చిందంటే కప్లర్ ఊడదీసి సరిగ్గా నొక్కలేదని. ఇంకొకటి మన వైపు ప్రత్యేకం: మైపాడు, కొత్తపట్నం వైపు సముద్రం గాలి, ఉప్పునీటి చెరువు గట్ల మీద నడిచిన తడి కాళ్ళతో ఎక్కడం. ఆ తడి కార్పెట్ కింద దిగబడి ఎండదు. ఏసీ నీళ్ళు బయటకు పోయే గొట్టం పూడుకుపోయినా ఎడమవైపు కాళ్ళ దగ్గర కార్పెట్ తడుస్తుంది. ఈ పిన్ను చూడండి, చివర్లో పచ్చగా చిలుము కనిపిస్తోందా? బి1346 లాంటి కోడ్లు పుట్టేది ఈ రవ్వంత పచ్చదనం నుంచే.

శుభ్రం చేసే పద్ధతి జాగ్రత్తగా వినండి. కీ తీసేయండి. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. కంప్యూటర్ లోపలి కెపాసిటర్‌లో చార్జీ మిగిలి ఉంటుంది. టయోటా 90 సెకన్లు ఆగమంటుంది, హోండా 3 నిమిషాలు. మీరు పది నిమిషాలు ఆగండి, తొందరేం లేదు. ఆ తర్వాత కప్లర్ లాక్ జరిపి ఊడదీయండి. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే రెండు వైపులా కొట్టి, పూర్తిగా ఆరనివ్వండి. గరుకు కాగితంతో రుద్దబాకండి, ఈ పిన్నుల మీద సాధారణంగా బంగారు పూత ఉంటుంది, అది లేచిపోతే తుప్పు ఇంకా తొందరగా పడుతుంది. కొబ్బరినూనె, గ్రీజు వద్దు. టక్ మని శబ్దం వచ్చేదాకా నొక్కి, లాక్ వేసి, సీటు ముందుకీ వెనక్కీ పూర్తిగా జరిపినా వైరు లాగకుండా కేబుల్ టైతో కట్టండి. బ్యాటరీ మళ్ళీ కలిపేటప్పుడు కార్లో ఎవరూ ఉండకూడదు. ఆ తర్వాత కోడ్ చెరిపి చూడండి.

మల్టీమీటరుతో బ్యాగ్ పిన్నులు కొలవబాకండి. టెస్ట్ ల్యాంప్ పెట్టడం అసలే వద్దు. ఆ మీటరు పంపే కరెంటే బ్యాగ్‌ను పేల్చగలదు. పేలితే సెకనులో వందల వంతు కాలంలో తెరుచుకుంటుంది, ముఖం దగ్గరుంటే తప్పించుకునే వీలుండదు. క్లాక్ స్ప్రింగ్‌ను కొలవాలన్నా, బ్యాగ్‌నీ కంప్యూటర్‌నీ రెండు చివరలా ఊడదీసిన తర్వాతే.

ఇంకొక చెడ్డ పద్ధతి ఉంది. బ్యాగ్ ఊడదీసి, ఆ స్థానంలో రెండు మూడు ఓముల రెసిస్టర్ పెడితే కంప్యూటర్ మోసపోయి లైటు ఆరిపోతుంది. మరికొందరు ఎయిర్‌బ్యాగ్ బల్బు వైరును ఏబీఎస్ బల్బుకో, ఆయిల్ బల్బుకో కలిపేస్తారు. "తక్కువలో లైటు ఆర్పేస్తాం సార్" అంటే చేస్తున్నది ఇదే. బ్యాగ్ లేని స్టీరింగ్ ముందు మీ వాళ్ళను కూర్చోబెట్టబాకండి.

షోరూముకు ఎప్పుడు పోవాలి? వారంటీలో ఉంటే మొదటిరోజే పొండి, ఇంట్లో ఏదీ ఊడదీయబాకండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ ఉంటే ఆ కాగితంలో క్లాక్ స్ప్రింగ్, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ ఉన్నాయేమో చదవండి. హ్యుందాయ్‌లో బి1620 మాదిరి కోడ్ వస్తే తేడా కంప్యూటర్ లోపలే, అది చెరిపినా పోదు, మార్చాల్సిందే. ఈ కంప్యూటర్ చాలా కార్లలో గేర్ లివర్ దగ్గర, కన్సోల్ కింద నేలకు ఆనుకుని ఉంటుంది. 2021 నవంబరులో పెన్నా వరద వచ్చినప్పుడు పడుగుపాడు వైపు నీళ్ళలో నిలిచిన బండ్ల మాదిరి, కార్పెట్ పైదాకా నీళ్ళు వచ్చిన ఏ కారైనా దీన్ని విప్పి చూడాల్సిందే.

ఎస్టిమేట్ ఇచ్చేటప్పుడు సర్వీస్ అడ్వైజర్‌ను మర్యాదగానే అడగండి: కోడ్ నంబరు ఏంటి, కరెంటా హిస్టరీనా, పార్ట్ నంబరు ఏంటి, ఎమ్మార్పీ ఎంత, లేబర్ విడిగా ఎంత. ఇవన్నీ జాబ్ కార్డులో రాయించుకోండి. కోడ్ పేరు లేకుండా "ఎయిర్‌బ్యాగ్ కిట్ రీప్లేస్" అని రాసిన ఎస్టిమేట్ మీద సంతకం పెట్టబాకండి. తీసిన పాత సామాను మీకు చూపించమనండి. జెన్యూన్ పార్ట్ ప్యాకెట్ మీద ఎమ్మార్పీ అచ్చేసి ఉంటుంది, బిల్లుతో సరిచూడండి. లెక్క కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ప్రమాదంలో బ్యాగ్‌లు తెరుచుకుని ఉంటే సంగతి వేరు, అది ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో పోతుంది. అలాంటప్పుడు బ్యాగ్‌లు, ప్రీటెన్షనర్లు కొత్తవే వేయించండి. గుజిరీ కొట్టులో తెచ్చిన బ్యాగ్ ఏ వరదలో తడిసిందో, ఎన్నేళ్ళు ఎండలో ఉందో బయటికి కనిపించదు.

రీకాల్ సంగతి కూడా మర్చిపోబాకండి. 2023 జనవరిలో మారుతీ సుజుకీ ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం 17,362 బండ్లను వెనక్కి పిలిచి ఉచితంగా మార్చింది. తకాటా కంపెనీ బ్యాగ్‌లు ఇంకా ప్రమాదం: వేడి, తేమ ఎక్కువున్న చోట లోపలి మందు పాడై, బ్యాగ్ తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు ఎగరొచ్చు. మన కోస్తా వాతావరణం అచ్చంగా అదే. వీటికి మీటర్లో లైటు కూడా రాదు. పాత కారు ఉన్నవాళ్ళు చాసిస్ నంబరు తీసుకుని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, రీకాల్ ఉంటే పైసా కట్టక్కర్లేదు.

చివరిగా, సెకండ్ హ్యాండ్ కారు కొనడానికి పోయినప్పుడు కీ ఆన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయకుండా మీటరు మీదే కళ్ళు పెట్టండి. ఎర్ర బొమ్మ వెలగాలి, ఆరేడు సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేశారేమోనని అనుమానించండి. ఇంకో లైటుతో సరిగ్గా అదే క్షణంలో ఆరిందంటే, ఇంజన్ స్టార్ట్ చేసి ఇంకోసారి చూడండి. రెండోసారీ రెండూ కలిసే ఆరితే వైరు కలిపారేమోనని అనుమానించి, ఎస్‌ఆర్‌ఎస్ చదివే స్కానర్ పెట్టించాకే అడ్వాన్సు ఇవ్వండి.