ఇద్దరు టీచర్ల బడికి ఎన్ని లెక్కలు?

వ్యాఖ్యాత: నమస్కారం. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మినహా బోధనేతర పనులకు టీచర్లను వాడకూడదని విద్యా హక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. మరి బడిలో జరుగుతున్నదేమిటి? మేడమ్, మీతో మొదలుపెడదాం.

ప్రధానోపాధ్యాయురాలు: మా చేత చేయించేవాటిని బోధనేతరమని ఎవరూ అనరండీ, కిటుకంతా అక్కడే ఉంది. గుడ్లు లెక్కపెట్టడం, మరుగుదొడ్డి ఫొటో తీయడం, అన్నీ ‘బడి పనులే’. మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. ఇవన్నీ యాప్‌లలో ఎక్కించడానికి నేను ఫోను పట్టుకుని కూర్చుంటే ఐదు తరగతులూ రెండో టీచర్ మీద పడతాయి.

విశ్రాంత ఎంఈఓ (మండల విద్యాధికారి): లెక్క అడగకపోతే ఎలాగమ్మా? హాజరు పట్టీలో ఉన్నవాళ్లలో సగం మంది కూడా భోజనం పంక్తిలో కనబడని బళ్లు నేను చూశాను. మిగిలిన బియ్యం ఎటు పోయినట్లు?

ప్రధానోపాధ్యాయురాలు: లెక్క వద్దనడం లేదు సార్. ఒకే లెక్క ఎన్నిసార్లు ఇవ్వాలి? హాజరు రిజిస్టర్‌లో రాస్తాను, యాప్‌లో పెడతాను, భోజనం పద్దులో మళ్లీ రాస్తాను. సిగ్నల్ లేక ఆలస్యమైతే వాట్సాప్ గ్రూపులో మా బడి పేరు ఎర్ర రంగులో వస్తుంది. మా పిల్లలకు తీసివేతలు రాలేదని ఏ గ్రూపులోనూ ఇంతవరకు మా పేరు రాలేదు.

వ్యాఖ్యాత: 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ముఖ గుర్తింపు హాజరు పెట్టినప్పుడు కూడా సొంత ఫోన్లు ఎందుకు వాడాలని ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి.

ప్రధానోపాధ్యాయురాలు: ఫోను సంగతి అలా ఉంచండి. ఒక పాప పేరు మా అడ్మిషన్ రిజిస్టర్‌లో లక్ష్మీదేవి, ఆధార్‌లో లక్ష్మి. బళ్ల, పిల్లల వివరాలు నమోదు చేసే యూడైస్ పోర్టల్‌లో అవి కలవలేదు. పాపేమో నా ఎదుటే బెంచీ మీద కూర్చుని ఎక్కాలు చెబుతోంది! వాళ్లమ్మ కూలి మానుకుని ఆధార్ కేంద్రం చుట్టూ తిరిగింది.

తల్లిదండ్రుల కమిటీ సభ్యుడు: మా కమిటీదీ అదే తంతు. తీర్మానం ముందే రాసి ఉంటుంది, మేము సంతకం పెట్టి వస్తాం. మా వాడు ఐదో తరగతి, తెలుగు వాచకం కూడబలుక్కుని చదువుతాడు. దాని మీద తీర్మానం ఎప్పుడూ రాయలేదు.

విశ్రాంత ఎంఈఓ: ఒకప్పుడు తనిఖీ అంటే తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని పాఠం వినేవాళ్లం. ఇప్పటి ఎంఈఓను జిల్లా విద్యాధికారి (డీఈఓ) అడిగేది ఎంత శాతం నమోదైందని. ఆయన అదే ప్రశ్న కిందికి పంపుతాడు. పైవాళ్లు అడిగేది మారకుండా యాప్‌లు తగ్గించినా లాభం లేదు.

వ్యాఖ్యాత: తక్షణం ఒక్క మార్పు చెప్పమంటే?

ప్రధానోపాధ్యాయురాలు: ప్రాథమిక పాఠశాలలకు గుమాస్తా పోస్టే లేదు. నాలుగైదు బళ్లకు కలిపి ఒకరిని ఇవ్వండి, చాలు.

విశ్రాంత ఎంఈఓ: ఆర్థిక శాఖ ఒప్పుకోదు.

ప్రధానోపాధ్యాయురాలు: ఇప్పుడు ఆ పని టీచర్ జీతంతో చేయిస్తున్నారు కదా సార్!

కమిటీ సభ్యుడు: అదెప్పటికి తేలుతుందో గానీ, ముందు మా సమావేశం సాయంత్రం ఆరు తర్వాత పెట్టించండి. పగలు పెడితే కూలికి వెళ్లినవాళ్లు ఎలా వస్తారు?