పిక్సెల్ షిఫ్ట్ రివ్యూ: 240 మెగాపిక్సెళ్ళ ఫొటోలో సెకన్ల ముల్లు ఏమైంది?

నమస్కారం అండీ. ముందు ఈ ఫొటో చూడండి. కీ ఇచ్చే పాత చేతి గడియారం. డయల్ మీద అంకెలు, ఒక అంకె అంచున పూత రాలిన చోటు, అద్దం కింద ఇరుక్కున్న దుమ్ము నలుసు, అన్నీ కనిపిస్తున్నాయి కదా. మొత్తం 240 మెగాపిక్సెళ్ళు. ఇప్పుడు సెకన్ల ముల్లు ఎక్కడుందో వెతకండి.

దొరకదు. దాని బదులు సగం డయల్ మీద విసనకర్రలా పరుచుకున్న 16 మసక గీతలున్నాయి. ఒక గీతను దగ్గరగా చూద్దాం. అది గీత కూడా కాదు, రంగురంగుల చుక్కల వరస.

కెమెరా పాడైపోలేదు. పొరపాటు నాదే. ఇది ఒక ఫొటో కాదు, 16 ఫొటోలు కలిపి చేసింది. ఒక్కో షాట్‌కి మధ్య 2 సెకన్ల విరామం పెట్టాను, అంటే మొత్తం తీయడానికి అర నిమిషం. ఆ అర నిమిషంలో ముల్లు సగం చుట్టు తిరిగేసింది. ఈ రోజు మాట్లాడుకోబోయే పిక్సెల్ షిఫ్ట్ సంగతి సగం ఈ ఒక్క ఫొటోలోనే ఉంది. మిగతా సగం రంగు గురించి. నా దృష్టిలో అదే అసలు విషయం, కానీ ప్రకటనల్లో మాత్రం మెగాపిక్సెళ్ళే పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి.

మన కెమెరా సెన్సర్‌లో, అంటే వెలుగును పట్టే చిప్‌లో, ప్రతి పిక్సెల్ ముందూ ఒక రంగు ఫిల్టర్ ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, వీటిలో ఏదో ఒకటే. నాలుగు పిక్సెళ్ళ చదరంలో రెండు ఆకుపచ్చ, ఒక ఎరుపు, ఒక నీలం. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో దీని మీద పేటెంట్ వచ్చింది, అందుకే దీన్ని బేయర్ ఫిల్టర్ అంటాం. అంటే ఎరుపు పిక్సెల్‌కి తన దగ్గర ఎంత ఆకుపచ్చ ఉందో, ఎంత నీలం ఉందో తెలియదు. పక్కవాళ్ళను అడిగి లెక్క కడుతుంది. ఒక్కసారి ఆలోచించండి, మీరు తీసే ఏ మామూలు ఫొటోలోనైనా రంగు సమాచారంలో మూడింట రెండు వంతులు కొలిచింది కాదు, ఉజ్జాయింపు. చాలాసార్లు ఆ ఉజ్జాయింపు ఎంత బాగుంటుందంటే మనకి అనుమానమే రాదు. సన్నని నేత గుడ్డనో, దగ్గర దగ్గరగా ఉన్న గీతలనో తీసినప్పుడు మాత్రం దొరికిపోతుంది. గుడ్డ మీద లేని చారలు వస్తాయి, లేని రంగులు వస్తాయి. దాన్నే మోరే అంటారు.

పిక్సెల్ షిఫ్ట్ చేసేది చాలా సింపుల్. చేతి వణుకును సరిచేయడానికి సెన్సర్‌ను కదిపే ఏర్పాటు ఇప్పటి చాలా కెమెరాల్లో ఎలాగూ ఉంది, ఐబిస్ అంటాం కదా, అదే. ఆ ఏర్పాటుతోనే సెన్సర్‌ను సరిగ్గా ఒక్క పిక్సెల్ జరుపుతారు. ఒక షాట్, ఒక పిక్సెల్ పక్కకి, మళ్లీ షాట్, ఒక పిక్సెల్ కిందికి, మళ్లీ షాట్, వెనక్కి, ఇంకో షాట్. నాలుగు షాట్లయ్యేసరికి ఫొటోలో ప్రతి చుక్క దగ్గరికీ ఒకసారి ఎరుపు, ఒకసారి నీలం, రెండుసార్లు ఆకుపచ్చ వచ్చి వెళ్ళాయి. ఇక ఉజ్జాయింపు అక్కర్లేదు, అన్నీ కొలిచినవే.

నేను వాడింది సోనీ ఏ7ఆర్ 4. 2019లో వచ్చిన 61 మెగాపిక్సెళ్ళ కెమెరా. ఇందులో పిక్సెల్ వెడల్పు 3.76 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లనుకుంటే, సెన్సర్ కదిలే దూరం వెంట్రుకలో దాదాపు ఇరవయ్యో వంతు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో ఇదే నా ప్రాణం తీస్తుంది.

నాలుగు షాట్ల మోడ్‌లో ఫొటో సైజు పెరగదు. 61 లోపలికి, 61 బయటికి. 16 షాట్ల మోడ్‌లో ఇదే నాలుగు షాట్ల పనిని నాలుగు చోట్ల చేస్తుంది, ఒక్కో చోటికీ సగం పిక్సెల్ తేడా. అంటే 1.88 మైక్రాన్లు. అప్పుడు వచ్చేది 19008 బై 12672, అంటే 240 మెగాపిక్సెళ్ళు. నాలుగు రెట్లు అనగానే నాలుగు రెట్లు వివరం అనుకోకండి. అడ్డంగా రెండు రెట్లు, నిలువుగా రెండు రెట్లు, అంతే. ప్రింట్ లెక్కలో చెప్పాలంటే, అంగుళానికి 300 చుక్కల చొప్పున 61 మెగాపిక్సెళ్ళ ఫొటో సుమారు 80 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది, 240 మెగాపిక్సెళ్ళది సుమారు 160 సెంటీమీటర్లు వస్తుంది. తక్కువేం కాదు. కానీ ఆ రెండు రెట్లు కూడా పూర్తిగా చేతికి రావు.

ఎందుకంటే పిక్సెల్ చిన్నది కాలేదు కదా. అదే వెడల్పు కిటికీని కొంచెం కొంచెం జరుపుతూ చూస్తున్నాం, అంతే. చూసిన చోట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకే 16 షాట్ల ఫైల్ తెరవగానే కొంచెం మెత్తగా, పేలవంగా ఉంటుంది. నేను మొదట ఫోకస్ తప్పిందేమో అనుకుని రెండుసార్లు మళ్లీ తీశాను. ఫోకస్ తప్పలేదు. మామూలు ఫొటోకి ఇస్తే పాడైపోయేంత షార్పెనింగ్ దీనికి ఇవ్వాలి, అప్పుడు లోపలున్న వివరం బయటికొస్తుంది. ఇదిగో, ఇచ్చాక ఇలా ఉంది. అంకెల చుట్టూ ఉన్న సన్నని గీతల మధ్య ఖాళీ ఇప్పుడు కనిపిస్తోంది, మామూలు షాట్‌లో అవి కలిసిపోయాయి.

లెన్స్ సంగతి. చాలామంది ప్రొడక్ట్ ఫొటో అనగానే ఎఫ్ 11, ఎఫ్ 16 పెట్టేస్తారు, అంతా ఫోకస్‌లో ఉంటుందని. ఇక్కడ అది అసలుకే ఎసరు. ఎఫ్ పక్క అంకె పెరిగే కొద్దీ అపెర్చర్, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం, చిన్నదవుతుంది. అది చిన్నదయ్యే కొద్దీ కాంతి చెదిరి, సూది మొనంత వెలుగు కూడా చిన్న బిళ్ళలా పడుతుంది. ఎఫ్ 11 దగ్గర ఆ బిళ్ళ వెడల్పు దాదాపు 15 మైక్రాన్లు, ఎఫ్ 5.6 దగ్గర 7.5. మనమేమో 1.88 మైక్రాన్ల చొప్పున కొలుస్తున్నాం. ఎఫ్ 16లో ఒకటి, ఎఫ్ 5.6లో ఒకటి తీసి పక్కపక్కన పెట్టాను, చూడండి. ఎఫ్ 16తో తీసిన 240 మెగాపిక్సెళ్ళ ఫైల్‌లో డిస్క్ నిండడం తప్ప నాకు ఏ లాభమూ కనిపించలేదు. ఎఫ్ 5.6లో లాభం ఉంది, కానీ ఫోకస్ లోతు తగ్గింది. డయల్ షార్ప్‌గా వస్తే ముల్లు కొస మసకబారుతుంది. రెండూ కావాలంటే ఫోకస్ స్టాకింగ్ చేయాలి, అంటే ఫోకస్ మార్చి మార్చి తీసి అన్నీ కలపాలి, ఒక్కో ఫోకస్ దగ్గరా మళ్లీ 16 షాట్లు. చేశాను. ఒక్కసారే చేశాను.

ఇక ప్రాణం తీసిన సంగతి. గడియారం ఆపేశాను, కీ బయటికి లాగితే ఈ మోడల్‌లో ముల్లు ఆగిపోతుంది. ట్రైపాడ్ గట్టిది. సెల్ఫ్ టైమర్ పెట్టాను, కెమెరా ముట్టుకోలేదు. అయినా ఫొటో నిండా సన్నటి గళ్ళు, దువ్వెన పళ్ళలాంటి అంచులు. మూడుసార్లు తీశాను, మూడుసార్లూ అంతే. కారణం ఏంటో తెలుసా? నేనే. షాట్ మొదలవగానే రెండడుగులు పక్కకేసి కుర్చీలో కూర్చుంటున్నాను. గది నేల మన కంటికి కదలదు, కానీ 2 మైక్రాన్ల లెక్కలో నేల కూడా ఊగుతుంది. నాలుగోసారి టైమర్ 10 సెకన్లు పెట్టి, నిలబడ్డ చోటే బొమ్మలా నిలబడ్డాను. శుభ్రంగా వచ్చింది.

ఆ తర్వాత ఒక్కొక్కటీ తేల్చుకున్నాను. ఫ్యాన్ ఆపాలి. పక్క గదిలో వాషింగ్ మెషిన్ నడుస్తుంటే వదులుకోవాలి. కెమెరాకి వేలాడే కేబుల్ ఉంటే ట్రైపాడ్ కాలికి కట్టాలి. ట్రైపాడ్ మధ్య కడ్డీ పైకి లేపకూడదు. వెలుగు కూడా కదలకూడదు, ఈ మాట కొంచెం వింతగా ఉంటుంది గానీ నిజం. కిటికీ వెలుతురులో తీస్తుంటే ఎనిమిదో షాట్ దగ్గర మబ్బు అడ్డొచ్చింది, మిగతా షాట్లన్నీ ఒక పిసరు చీకటి, కలిపాక ఫొటో మీద మళ్లీ గళ్ళు. చవక ఎల్ఈడీ బల్బు కింద తీసినా అదే గొడవ, దాని వెలుగు మన కంటికి తెలియకుండా రెపరెపలాడుతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఆ రెపరెపలు చారలుగా పడతాయి. రెపరెపలు లేని వీడియో లైట్ అయితే టెన్షన్ లేదు.

షాట్లు తీయడంతో పని అయిపోదు, ఇల్లలకగానే పండగ కాదు. ఈ కెమెరా 16 ఫొటోలు తీసి ఇస్తుంది గానీ తనే కలపదు. కంప్యూటర్‌లో ఇమేజింగ్ ఎడ్జ్ అనే సోనీ సాఫ్ట్‌వేర్‌లో కలపాలి. కంప్రెస్ చేయని రా ఫైల్, అంటే సెన్సర్ కొలిచింది కొలిచినట్టు దాచే ఫైల్, ఒక్కోటి సుమారు 120 ఎంబీ, 16 కలిపితే దాదాపు 2 జీబీ, కలిపాక వచ్చే ఫైల్ వేరే. ఒక్క గడియారానికి! అసలు ఇబ్బంది ఏంటంటే, కదిలిందో లేదో కెమెరా స్క్రీన్ మీద తెలియదు. సెట్ అంతా విప్పేశాక కంప్యూటర్‌లో చూసి తల పట్టుకోవాలి. అందుకే ల్యాప్‌టాప్ పక్కనే పెట్టుకుని, ఒకటి కలిపి చూశాకే లైట్లు తీయండి.

మిగతా కంపెనీల్లో ఎలా ఉందో త్వరగా చెప్తాను. 2015లో పెంటాక్స్ కె-3 మార్క్ 2లో నాలుగు షాట్ల పద్ధతి వచ్చింది, కేవలం రంగు కోసం, సైజు పెంచకుండా. అదే ఏడాది ఒలింపస్ ఈ-ఎం5 మార్క్ 2లో 16 మెగాపిక్సెళ్ళ సెన్సర్‌తో 8 షాట్లు తీసి 40 మెగాపిక్సెళ్ళ జేపెగ్ ఇచ్చారు. పానసోనిక్ ఎస్1ఆర్ 187 మెగాపిక్సెళ్ళ ఫైల్‌ను కెమెరాలోనే కలిపి చేతికిస్తుంది. పైన చెప్పిన తల పట్టుకునే పని ఉండదు, ఆ విషయంలో నాకు అసూయే. ఫుజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్ 100కి 2020లో అప్‌డేట్‌తో 16 షాట్లు, 400 మెగాపిక్సెళ్ళు వచ్చాయి. కేనన్ ఆర్5కి 2023లో అప్‌డేట్‌తో 400 వచ్చింది, కానీ జేపెగ్ మాత్రమే. ఇంత కష్టపడి తీసిన రంగును జేపెగ్‌లో కుదించడం నాకు అర్థం కాదు. నికాన్ జెడ్ఎఫ్‌లో 4, 8, 16, 32 అని నాలుగు రకాలున్నాయి. చేతిలో పట్టుకుని తీసే మోడ్ ఒలింపస్ ఈ-ఎం1ఎక్స్‌లో 2019లోనే వచ్చింది, చేతి వణుకునే సెన్సర్ కదలికగా వాడుకుంటుంది, 50 మెగాపిక్సెళ్ళు ఇస్తుంది. ట్రైపాడ్ పెట్టనివ్వని చోట అదే దిక్కు.

"ఇప్పుడు ఏఐతో పెద్దది చేసేస్తే పోలా?" అని అడుగుతారు. పోస్టర్‌కి అయితే పోతుంది. కానీ ఈ డయల్ కింద చూడండి, చిన్న అక్షరాలు. మామూలు షాట్‌ను ఏఐ పెద్దది చేస్తే అక్షరాల్లాంటివి వచ్చాయి, చదివితే ఏ భాషా కాదు. పెయింటింగులు, పాత రాతప్రతులు, ఫిల్మ్ నెగటివ్‌లు డిజిటైజ్ చేసేవాళ్ళకి ఉన్నదే కావాలి, ఉండాల్సినట్టున్నది కాదు. ఇంకా పెద్దది కావాలంటే ముక్కలు ముక్కలుగా తీసి అతికించడమే నయం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం 2022లో విడుదల చేసిన రెంబ్రాంట్ 'నైట్ వాచ్' చిత్రం ఫొటో 717 గిగాపిక్సెళ్ళు. అది 8439 ఫొటోలు అతికించింది.

మరి నేను ఏం వాడుతున్నాను? నాలుగు షాట్ల మోడ్. పదిలో తొమ్మిదిసార్లు అదే. ఇదిగో నేత గుడ్డ, ఎడమ పక్క ఒకే షాట్, కుడి పక్క నాలుగు షాట్లు. ఎడమ పక్క దారాల మీద ఆకుపచ్చగా, ఊదాగా కనిపిస్తున్న చారలు అసలు గుడ్డలో లేవు. కుడి పక్క ఏ దారం రంగు ఆ దారానిదే. నీడల్లో గరుకు కూడా తగ్గింది, నాలుగు షాట్ల వెలుగు చేరింది కాబట్టి. ఫైళ్ళు నాలుగో వంతు, ఊపిరి బిగబట్టాల్సిన సమయం కూడా నాలుగో వంతు. 16 షాట్ల మోడ్ గోడంత ప్రింట్ అడిగినప్పుడే తీస్తాను. పిల్లలు, ఆకులు, నీళ్ళు, రోడ్డు మీద జనం, వీటికి ఈ రెండు మోడ్‌లలో ఏదీ పనికిరాదు. వీటి కోసమే కెమెరా మార్చాలనుకుంటే మార్చొద్దు. మీ కెమెరాలో ఇప్పటికే ఉండి, మెనూలో ఎప్పుడూ తెరవకపోతే మాత్రం ఈ రాత్రే తెరవండి. ముందు నాలుగు షాట్లతో మొదలుపెట్టండి.

చివరగా, ముల్లు ఆపి, ఫ్యాన్ ఆపి, నేను కూడా ఆగి తీసిన గడియారం ఫొటో ఇది. సెకన్ల ముల్లు ఒక్కటే ఉంది, 37 దగ్గర. ఫొటో అయ్యాక కీ లోపలికి నొక్కడం మర్చిపోయాను. మర్నాడు చూసినా అది 37 దగ్గరే ఉంది.