చెక్క నేల మీద కాంక్రీటు పొర: చప్పుడు అంచుల్లోంచి దిగుతుంది

మిత్రులారా, నమస్కారం. అమెరికా అపార్ట్‌మెంట్లలో అద్దెకున్న వారికి పై ఇంటివారు ఎన్నింటికి నిద్ర లేస్తారో ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ చాలావాటిలో మన స్లాబులు ఉండవు. చెక్క దూలాలు, వాటి మీద ఓఎస్‌బీ (చెక్క పేళ్లను జిగురుతో అదిమి చేసిన) పలకలు, కింద జిప్సం బోర్డు సీలింగు, అంతే. అక్కడి నిర్మాణ నియమావళి ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ మాత్రం రెండు ఇళ్ల మధ్య నేలకు ఎస్‌టీసీ, ఐఐసీ అనే చప్పుడును ఆపే రేటింగులు రెండూ కనీసం 50 ఉండాలంటుంది. కట్టిన చోట కొలిస్తే 45 చాలు. ఎస్‌టీసీ గాలిలో వచ్చే మాటలకు, ఐఐసీ అడుగుల తాకిడికి.

దీనికోసం పలకల మీద పోసే పొర గురించి చాలామంది స్పెసిఫికేషన్లో (పని వివరాల పత్రంలో) ‘ఒకటిన్నర అంగుళం తేలిక కాంక్రీటు’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటారు. బరువు పెరుగుతుంది కాబట్టి మాటలు తగ్గుతాయి, నిజమే. మడమ చప్పుడు మాత్రం తగ్గదు. గట్టి పొర మీద నేరుగా టైల్స్ వేస్తే టకటక ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. పొర కింద మెత్తని సౌండ్ మ్యాట్ పరవాల్సిందే.

బరువు సంగతీ చూడండి. ఆ మందానికి మామూలు కాంక్రీటు చదరపు అడుగుకు దాదాపు 18 పౌండ్లు, తేలిక కాంక్రీటైనా, జిప్సంతో పోసే పొరైనా సుమారు 14. ఇంట్లో మనుషులకు, సామానుకు కలిపి లెక్కగట్టేదే 40 పౌండ్లు! దూలాలు ఖరారయ్యాక పొర సంగతి తలచుకుంటే ఎలా?

నన్నడిగితే అసలు కథ గోడ దగ్గర ఉంది. పొర గోడను తాకిందా, మ్యాట్‌కు పెట్టిన డబ్బు చాలావరకు వృథా. చుట్టూ మెత్తని పట్టీ అతికించాలి, అది పైన వేసే టైల్స్ కంటే ఎత్తుగా నిలవాలి. టైల్స్ పని పూర్తయ్యాకే మిగిలిన అంచు కోయాలి. బేస్‌బోర్డును (గోడ అడుగున కొట్టే పలకను) టైల్స్‌కు ఆనించకుండా సన్నని సందు వదిలి, ఆ సందులో మెత్తగా ఉండే సీలెంట్ నింపాలి. పట్టీని ముందే కోసేస్తే టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ గోడకు అంటుకుని చప్పుడుకు వంతెన కట్టేస్తుంది. పైపులు నేలలోంచి దిగే చోటా ఇదే జాగ్రత్త. ఈ అంచును డ్రాయింగులో అసలు సైజులో గీసి ఇవ్వండి. మేస్త్రీ స్పెసిఫికేషన్ చదవకపోయినా బొమ్మ చూస్తాడు.

ఇంకొక్కటి. ఐఐసీ కొలత 100 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. పిల్లలు గెంతితే వచ్చే దబదబ శక్తి చాలావరకు అంతకంటే కిందే ఉంటుంది. 50 దాటిన నేల మీదా ఫిర్యాదులు వచ్చేది అందుకే. దానికి దూలాల పొడవు తగ్గించాలి, లేదా లోతు పెంచాలి. ఆ మాట స్ట్రక్చరల్ ఇంజినీరుతో మొదటి సమావేశంలోనే తేల్చుకోండి.