నింద బ్లాకర్ మీద, బరువు ప్రకటనలది

అధ్యక్షులవారికీ, బరంపురం నుంచీ రాయగడ నుంచీ శ్రమపడి వచ్చిన పెద్దలకీ, కుర్చీలు చాలక గోడవార నిలబడ్డ పిల్లలకీ నమస్కారం. గిడుగువారి పుట్టినరోజు సభ కాబట్టి ‘కంప్యూటర్లో తెలుగు’ అనే అంశం ఇచ్చారు. ఆయన పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలోనే నిలబడి ఆయన గురించి మీకు నేను చెప్పేదేముంది? మన పఠన మందిరం కంప్యూటర్ల గురించి మాట్లాడతాను. అధ్యక్షులు క్షమించాలి, ఇది చాలా రోజులుగా గొంతులో ఉంది.

వేసవిలో మిషన్లు నెమ్మదించాయని ఒకాయన్ని పిలిపించారు. ఆయన బ్రౌజర్ టాస్క్ మేనేజర్ తెరిచి, ప్రకటనలను ఆపే యాడ్ బ్లాకర్ ఎదురుగా ఉన్న మెమరీ అంకె చూసి, ‘ఇదే తినేస్తోంది’ అని దాన్ని పీకేశారు. మర్నాటి నుంచి ఆ నాలుగు జీబీ మిషన్ల మీద తెలుగు పేపరు తెరిస్తే ఫ్యాను హోరు! మూల వీడియో, కింద బంగారం షాపు, నడిమధ్య ‘డౌన్‌లోడ్’ అని ఒక దొంగ బటన్. ప్లస్ టూ ఫలితాలు చూసుకోవడానికి వచ్చిన అమ్మాయి దాన్నే నొక్కి, ఇంకేవేవో తెరుచుకుంటే బెదిరిపోయింది.

ఆయన చూసిన అంకె అబద్ధం కాదు. బ్లాకర్ ఏది ఆపాలో చెప్పే వేలకొద్దీ నియమాల జాబితాను మెమరీలో పెట్టుకుంటుంది. 2014లో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు తయారుచేసే మొజిల్లాలో ఇంజనీర్ నికొలస్ నెథర్‌కోట్ కొలిచి చూశారు. ఫైర్‌ఫాక్స్‌లో యాడ్‌బ్లాక్ ప్లస్ అనే బ్లాకర్ ఊరికే ఉన్నందుకే 60, 70 ఎంబీ తీసుకునేది. పేజీలో ప్రకటనల చోట్లు దాచే స్టైల్‌షీట్‌ను ప్రతి ఫ్రేములోనూ, అంటే పేజీ లోపల ఇంకో పేజీలా తెరుచుకునే ప్రతి పెట్టెలోనూ, విడిగా దించేది, ఫ్రేముకి సుమారు 4 ఎంబీ. టెక్‌క్రంచ్ సైటు అది లేకుండా 194 ఎంబీ, అది ఉంటే 417! అప్పుడు పీకేసి ఉంటే నేనూ ఒప్పుకునేవాణ్ణి. కానీ 2015లో ఫైర్‌ఫాక్స్ 41 ఆ స్టైల్‌షీట్‌ను అన్ని ఫ్రేములూ పంచుకునేలా చేసింది. రేమండ్ హిల్ రాసిన యూబ్లాక్ అనే బ్లాకర్, ఇప్పటి యూబ్లాక్ ఆరిజిన్, మొదటి నుంచీ తేలిక. కానీ నింద మాత్రం ఇంకా మన ఊళ్లలో తిరుగుతోంది.

పెళ్లింటి గుమ్మం దగ్గర నిలబడ్డవాడు ఒక్క విస్తరి తింటాడు, పిలవని యాభైమందిని ఆపుతాడు. ఆ విస్తరి లెక్క మాత్రమే చూస్తే ఎలాగండీ? ఆపిన ప్రకటన అసలు దిగదు. దాని స్క్రిప్టు నడవదు, వీడియో ఆడదు, ప్రాసెసర్ ఊరుకుంటుంది. పేజీ పంపే ఒక్కో రిక్వెస్టును నియమాలతో సరిచూడడానికి పట్టేది క్షణంలో చిన్న ముక్క. పైగా 2018 నుంచి క్రోమ్ బ్రౌజరు, పేజీలోకి వచ్చే ఇతర సైట్ల ఫ్రేములను భద్రత కోసం వేరే ప్రాసెస్‌ల్లో నడుపుతోంది. కాబట్టి ప్రకటనలు పంపే ఒక్కో సైటుకీ ఒక్కో కాపురం పెట్టినట్టే అవుతుంది, మెమరీ వేరే. ఆ లెక్క టాస్క్ మేనేజర్లో బ్లాకర్ వరసలో కనిపించదు, ఇంకెక్కడో ముక్కలుగా ఉంటుంది. అందుకే మోసపోతాం.

ఇక్కడ చెయ్యెత్తండి, ఎవరి ల్యాప్‌టాప్‌లో రెండు బ్లాకర్లున్నాయి? అదుగో, నవ్వుతున్నారు. రెండూ ఒకే జాబితాను ఒకే పనికి మోస్తాయి, అది శుద్ధ దండగ. ఒక్కటి చాలు, రెండోది తీసేయండి. పేజీలు విరిగితే ఎవరు విరిచారో కూడా తెలీదు.

సరే, క్రోమ్ సంగతి. బ్లాకర్ల వంటి ఎక్స్‌టెన్షన్లకి గూగుల్ పెట్టిన కొత్త కట్టుబాట్లు, మానిఫెస్ట్ వి3, వచ్చాక పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ అక్కడ నడవదు. దాని లైట్ రూపం ఉంది: నియమాలు బ్రౌజరుకే అప్పజెప్పి, తను మెమరీలో కూర్చోకుండా తప్పుకుంటుంది. తేలిక నిజమే, కొంత శక్తి తగ్గింది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిది ఇప్పటికీ నడుస్తోంది.

గంట కొడుతున్నారు, వింటున్నానండీ. సంఘం వారికి ఒకటే విన్నపం. ఆ మిషన్లలో ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ ఆరిజిన్ వేయిద్దాం. రెండూ ఉచితం, తీర్మానం అక్కర్లేదు. నచ్చిన పత్రికకి ప్రకటనల డబ్బు దక్కాలనుకుంటే ఆ సైటు ఒక్కదానికి బ్లాకర్ని ఆపుకోవచ్చు, బటన్ ఉంది. కంప్యూటర్ల పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో, ఆయన టీ తాగి వెళ్లిపోకుండా కాసేపు ఆగండి.